సూదిమందుకు ముందు మేతగాడి

పురానాపూల్ నుండి ధూల్‌పేట్, మంగళ్‌హాట్, జియాగూడల వైపు సాగు సందులలో, గణపతి విగ్రహములకు చట్రములు బిగించు పందిళ్ళ ప్రక్కనే, పతంగుల కాగితము కత్తిరించు అరుగుల వెనుకనే, ఇంటిగోడ నానుకొని దింపిన రేకుల కప్పు క్రింద ఐదారు గేదెలును, వానితో పాటు ఒకటో రెండో సంకరజాతి ఆవులును కట్టివేయబడి యుండు తబేలాలు నేటికిని కానవచ్చును. తెల్లవారుజాముననే అచట పాలు పితుకుట మొదలగును. వీథిదీపములు ఆరకమునుపే డబ్బాలు మోటారు సైకిళ్ళ కెక్కును. సూర్యోదయమునకు చాయ్ హోటళ్ళ పొయ్యిలపై ఆ పాలే మరుగుచుండును. గాడిలో ఎండుగడ్డి కుట్టి, పత్తిచెక్క, శనగపొట్టు, దొరికిననాడు బీరు ఫ్యాక్టరీల నుండి లారీలలో వచ్చు తడి పిప్పి. పచ్చగడ్డి మాత్రము అరుదు. పశువునకు నడక లేదు. ఈనిన నాటి నుండి వట్టిపోవు నాటి వరకు అది నిలుచుండునదియు, పండుకొనునదియు, మేయునదియు పలుపుత్రాడు పొడవున్నంత మేరలోనే.

ఈ గేదెలలో పెక్కింటికి ఇది పుట్టిన చోటు కాదు. హర్యానా ప్రాంతము నుండియో గుజరాతు నుండియో, ఈని కొద్దిదినములైన గేదెను దూడతో సహా లారీ కెక్కించి తెచ్చిన వ్యాపారివద్ద, తరచుగా వడ్డీకి తెచ్చిన సొమ్ముతో, తబేలాదారు దానిని కొనును. పొదుగు నిమిరి, పాలనరము చూచి, రెండు పూటలు తన యెదుటనే పితికించి కొలిపించి కొనును గాని, దాని తల్లి ఈతకెన్ని లీటర్లిచ్చినది, తండ్రి ఏ దున్న, అను ప్రశ్న అడుగువాడును లేడు, అడిగినను చెప్పగలవాడును లేడు. కొన్ని నెలలు పితికిన పిమ్మట పాలు తగ్గును. మరల చూడి నిలిపి, ఈనువరకు ఊరక మేపవలెనన్న మేత, స్థలము, కూలి, వడ్డీ అన్నియు మీదపడును. ఇరుకు సందులో ఇంటిగోడకు పశువును కట్టుకొన్నవానికి అది తలకు మించిన భారము. కనుక ఆ గేదె సంతకు పోవును, సంత నుండి ఎచటికి పోవునో అందరికిని తెలిసినదే. దూడ అంతకు ముందే పాలు చాలక కన్నుమూసియుండును. తబేలాదారుని నిందించుట సులభము. అతని అప్పును, అతని స్థలమును మనకిచ్చినచో మనమును అదియే చేయుదుము. కాని దేశమున మేలైన పాడిపశువులను ఏరి నగరమునకు తెచ్చి, ఒక్క ఈత పాలు పిండి, వంశము లేకుండ చేయుట అను ఈ వ్యవహారము వలన జాతికి కలుగు నష్టము ఏ ఖాతాలోను వ్రాయబడుటలేదు. బొంబాయి ప్రభుత్వము 1949లో ఆరే కాలనీని నెలకొల్పి గేదెలను నగరము నడిబొడ్డునుండి తరలించినది. మన పాతబస్తీ తబేలాలు ఉన్నచోటనే ఉన్నవి.

ఈ పరిస్థితిలో పిండ మార్పిడి, గాజుపాత్రలో ఫలదీకరణము (ఐ.వి.ఎఫ్.) అను మాటలు ప్రభుత్వ ప్రకటనలలో తరచుగా వినబడుచున్నవి. 2014 డిసెంబరులో ఆరంభమైన రాష్ట్రీయ గోకుల్ మిషన్ క్రింద, ఐ.వి.ఎఫ్. పిండముతో నిర్ధారితమైన ఒక్కొక్క చూడికి పాడిరైతునకు 5,000 రూపాయల ప్రోత్సాహకము ఏర్పాటైనది. 2024 అక్టోబరు 5న ప్రధాని చేతులమీదుగా మేలిజాతి పశువులను జన్యుపరీక్షచే గుర్తించు గౌ చిప్, మహిష్ చిప్‌లు విడుదలైనవి. ఇవి హర్షింపదగినవే, శాస్త్రమును పశువుల కొట్టమువరకు తెచ్చు ఏ ప్రయత్నమును తక్కువచేసి మాటలాడుట నా ఉద్దేశము కాదు. నా వాదము ఒక్కటే. మేలైన ఆవునుండి అధికముగా అండములు పుట్టించి పిండములు సంపాదించు విద్యలో, ఫలితము నిర్ణయమగునది సూదిమందు పొడిచిన నాడు కాదు. అంతకు రెండు మూడు నెలల ముందు, ఆ పశువు తిన్న మేతలో, నిలిచిన నీడలో, దాటిన జబ్బులో, ఎన్నిక చేసిన వాని కంటిలో. మనము వ్యయము చేయుచున్నది చివరి ఘట్టమునకు. నిర్లక్ష్యము చేయుచున్నది మొదటి ఘట్టమును.

విషయము తెలియని పాఠకులకై కొంత వివరించెదను. ఆవు ఇరువదియొక్క దినముల కొకమారు ఎదకు వచ్చును. వచ్చినపుడు సాధారణముగా ఒక్క అండమే విడుదలయగును. ఎంత మేలైన ఆవైనను జీవితకాలములో ఏడెనిమిది దూడలకు మించి ఇచ్చుట అరుదు. వానిలో సగము కోడెలు. కాని పుట్టుకతోనే దాని అండాశయములలో లక్షకు పైబడిన అండములు నిద్రాణములై యుండును. ప్రతి ఎదచక్రములోను అండమును పొదిగియుండు పుటికలు గుంపుగా పెరుగనారంభించి, వానిలో ఒక్కటి పైచేయి యగుటతో తక్కినవి కృశించి నశించును. ఈ నశించువానిని హార్మోను బలముచే నిలబెట్టి, ఒక్క ఎదలోనే పది పండ్రెండు అండములు విడుదలయగునట్లు చేయుటయే అధిక అండోత్సర్గము. అట్లు వచ్చిన అండములను మేలైన ఆంబోతు వీర్యముచే ఫలింపజేసి, ఏడవ దినమున పిండములను బయటికి తీసి, సాధారణమైన వేరు ఆవుల గర్భమునం దుంచుట పిండ మార్పిడి. వాల్టర్ హీప్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1890లో కుందేళ్ళలో దీనిని మొట్టమొదట సాధించెను; ఇట్లు పుట్టిన తొలి ఆవుదూడ 1951లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో కన్నుతెరచినది. మన దేశమున 1987లో కేంద్ర బయోటెక్నాలజీ శాఖ చేపట్టిన పథకముతో, జాతీయ పాడి అభివృద్ధి మండలి నాయకత్వమున, గుజరాతులోని బిదజ్ గోశాల కేంద్రముగా ఈ కృషి పెద్దయెత్తున మొదలైనది.

క్రియ చూచుటకు సులభముగానే యుండును. ఎద గడచిన ఎనిమిదవ దినమునుండి పండ్రెండవ దినములోపల ఎఫ్.ఎస్.హెచ్. అను హార్మోనును ఉదయము, సాయంకాలము, తగ్గుచున్న మోతాదులో నాలుగు దినములు పొడుతురు. ఈ హార్మోను ఆవు రక్తములో కొన్ని గంటలకు మించి నిలువదు గనుక ఎనిమిది సూదులు తప్పవు. ఒక్క సాయంకాలము పశువైద్యుడు రాకున్నను, వచ్చినవాడు గంటలు దాటించినను, పెరుగుచున్న పుటికలు అర్ధాంతరముగా ఆగిపోవును. మూడవ దినమున ప్రోస్టాగ్లాండిన్ అను హార్మోను ఇచ్చినచో రెండు దినములలో ఎద వచ్చును. పండ్రెండు గంటల అంతరముతో రెండుమార్లు కృత్రిమ గర్భధారణ చేయుదురు. తరువాత ఏడవ దినమున ఆవును బోనులో నిలిపి, తోకమొదట మత్తిచ్చి, మెత్తని రబ్బరు గొట్టమును గర్భకోశపు కొమ్ములోనికి జరిపి, చివరనున్న బుడగను గాలితో ఉబ్బించి, గోరువెచ్చని ద్రవమును లోనికి పంపి మరల వెలికి తీయుదురు. ఆ ద్రవము జల్లెడపాత్రలో వడగట్టబడి, మిగిలిన కొద్దిపాటి నీరు గాజుపళ్ళెములో సూక్ష్మదర్శిని క్రిందికి వచ్చును. అపుడు గదిలో మాట వినబడదు. పళ్ళెము అడుగున గీసిన గళ్ళను ఒక్కొక్కటిగా దాటుచు, చీమిడిపొరల నడుమ, రక్తకణముల నడుమ, మిల్లీమీటరులో ఐదవ వంతైనను లేని గుండ్రని వస్తువును వెదుకవలెను. దొరకినచో అది పిండమో, ఫలింపని అండమో, కుళ్ళినదో నిర్ణయింపవలెను: కణములు దగ్గరగా ముద్దకట్టి, అంచు నున్నగా, రంగు సమముగా ఉన్నది మొదటి తరగతి, నల్లబడి, కణములు చెదరినది పనికిరాదు.

ఇన్ని దినముల శ్రమకు లభించునది, సగటున, పనికివచ్చు పిండములు ఐదో ఆరో. కాని ఈ సగటు అనుమాట మోసము చేయును. ఒక ఆవు పదునైదు పిండము లిచ్చును. దాని ప్రక్కనే నిలిచి, అదే మందు, అదే చేతితో, అదే గంటకు పొడిపించుకొన్న ఆవు ఒక్కటియు నీయదు. ప్రపంచమంతట ఈ వృత్తిలోనివారి అనుభవము ఇదియే: సుమారు నాలుగవ వంతు దాత ఆవుల నుండి ఒక్క మంచి పిండమైనను లభింపదు, మొత్తము పిండములలో అధికభాగము కొద్ది ఆవులనుండియే వచ్చును. ఈ భేదమునకు కారణము మందు నాణ్యములో లేకపోలేదు. అందు ఎల్.హెచ్. అను మరియొక హార్మోను పాలు ఎక్కువైనచో అండములు అకాలమున పక్వమై చెడును. పూర్వము గర్భిణియైన గుఱ్ఱపు నెత్తుటినుండి తీసిన హార్మోను ఒక్క సూదితో సరిపోయెడిది గాని, అది దినములతరబడి రక్తమున నిలిచి, అండములు విడుదలయైన తరువాతకూడ అండాశయమును రెచ్చగొట్టుచు పిండములను పాడుచేసెడిది. సూది మొదలుపెట్టిన ఘడియయు ముఖ్యమే. పుటికల గుంపు అప్పుడే తలయెత్తుచున్నపుడు ఇచ్చినచో ఫలించును; పెద్దపుటిక ఒకటి పైచేయియై తక్కినవానిని అణచిన తరువాత ఇచ్చినచో ఎంత మోతాదిచ్చినను వ్యర్థమే. ఇవి అన్నియు మంచి వైద్యుని చేతిలోని విషయములు. నేర్పుతో, క్రమశిక్షణతో సరిదిద్దుకొనదగినవి.

సరిదిద్దుకొనరానివి, లేక ఆ సమయమునకు చేయిదాటిపోయినవి, వేరుగా ఉన్నవి. మొదటిది ఆవు స్వభావము. ఒక ఆవు అండాశయములో ఏ దినమున అల్ట్రాసౌండుతో చూచినను ముప్పది నలువది చిన్నపుటికలు కనబడును. మరియొకదానిలో పది కూడ ఉండవు. ఈ సంఖ్య ఆవునకును ఆవునకును భేదించును గాని, ఒకే ఆవులో ఏండ్ల తరబడి అంతగా మారదు. ఏ.ఎమ్.హెచ్. అను హార్మోనును రక్తమున కొలిచినను ఈ సంగతి తెలియును. అనగా, ఎఫ్.ఎస్.హెచ్. సీసా మూత తీయకమునుపే, పది నిమిషముల పరీక్షతో, ఈ ఆవు ఇచ్చునా ఈయదా అని చాలవరకు చెప్పవచ్చును. అయినను పాలు బాగుగా ఇచ్చునన్న ఒక్క కారణముచే, లేక యజమాని పలుకుబడిచే, దాతను ఎంచుకొను అలవాటు పోలేదు.

రెండవది, నా దృష్టిలో అన్నింటికంటె ముఖ్యమైనది, కాలము. ఇవాళ ఎదలో విడుదలయగు అండము ఇవాళ పుట్టినది కాదు. నిద్రావస్థనుండి మేల్కొని పక్వమగువరకు దానికి నాలుగైదు నెలలు పట్టును. చివరి రెండు నెలలలో అది ఆవు శరీరముయొక్క ప్రతి కష్టసుఖమును అనుభవించుచుండును. ఈనిన తరువాత పాలు పొంగివచ్చు నెలలలో, తినినదానికంటె పాలలో పోవునది ఎక్కువై, ఆవు తన కండను తానే కరిగించుకొనుచుండును. ఆ నెలలలో పెరుగుచుండిన అండములు బలహీనములై, రెండు మూడు నెలల పిమ్మట, ఆవు మరల నిగనిగలాడుచు కనబడునపుడు, దాత పరీక్షకు వచ్చును. చూచువానికి ఆవు బాగున్నది. లోని అండము మాత్రము కరవుకాలమున పెరిగినది. నారుమడి ఎండినపుడు నీరు పెట్టక, నాట్లనాడు ఎరువు కుమ్మరించిన రైతు పంటకు ఏమి ఆశించునో, అట్టి ఆవునకు ఖరీదైన హార్మోను పొడిచినవాడును అంతియే ఆశింపవలెను.

దీనిని విని, దాత ఆవునకు దాణా రెట్టింపు చేసినచో చాలునని తలంపరాదు. అతిపుష్టియు అంత హానికరమే. పిండిపదార్థములు మితిమీరి మేపిన పెయ్యలలో రక్తమున ఇన్సులిన్ పెరిగి, అండముల నాణ్యము క్షీణించునని పరిశోధనలు తేల్చినవి. చిక్కిన పశువునకు మేలుచేయు దాణాయే బలిసిన పశువునకు కీడగును. పత్తిచెక్కవంటి మాంసకృత్తుల మేత మితిమీరి, దానికి తగిన పిండిపదార్థము లేకపోయినచో, రక్తమున యూరియా పెరిగి గర్భకోశములోని ఆమ్లక్షార స్థితి మారును; ఏడు దినముల పిండమునకు ఆ మార్పు విషతుల్యము. పచ్చగడ్డి లేని గాడిలో విటమిన్ ఏ మూలద్రవ్యము కొరవడును. ఖనిజ మిశ్రమము వేయని గాడిలో రాగి, జింకు, సెలీనియము కొరవడును. ధూల్‌పేట్ సందులోని గేదె గాడిని ఇప్పుడొకమారు తలచుకొనుడు: చెక్క, పొట్టు, పిప్పి. పాలు పిండుటకు అది చాలినను చాలవచ్చును. పిండము కట్టుటకు చాలదు.

మూడవది ఎండ. హైదరాబాదు మే నెలలో నలువది డిగ్రీలు దాటుట వింత కాదు. రేకుల కప్పు క్రింద, గాలి చొరని సందులో, పేడతేమతో కలిసిన ఉక్కలో నిలిచిన పశువు అనుభవించు వేడి వాతావరణశాఖ లెక్కకు అందదు. సంకరజాతి ఆవు శరీరోష్ణము ఒక్క డిగ్రీ పెరిగినను ఫలదీకరణ మొదటి దినములలోని పిండము ఓర్వలేదు; మూడు నాలుగు దినములు గడచిన పిండము కొంత ఓర్చుకొనును. పెరుగుచున్న అండముపై పడిన వేడిదెబ్బ నలువది, ఏబది దినముల తరువాత బయటపడును. అందుచేతనే వానలు పడి చల్లబడినను, పశువులు వెంటనే చూడి నిలువక, తిరగపొర్లుచుండును, రైతు కారణము తెలియక వైద్యుని మార్చుచుండును. ఇందులో పిండ మార్పిడికి అనుకూలమైన సంగతి ఒకటి కలదు. చలికాలమున తీసి ద్రవనత్రజనిలో భద్రపరచిన పిండమును, సుకుమారమైన తొలిదశ దాటినది గనుక, వేసవిలో గ్రహీత గర్భమున ఉంచినచో, అదే వేసవిలో చేసిన కృత్రిమ గర్భధారణకంటె నిలుచు అవకాశము మెరుగు. దాత పని శీతకాలమున, మార్పిడి పని ఏడాది పొడవున: ఉష్ణదేశమునకు తగిన పంచాంగము ఇది. కాని ఆర్థికసంవత్సరము ముగియు మార్చి నెలలో లక్ష్యములు పూర్తిచేయు తొందర గల కార్యాలయములకు ఈ పంచాంగము రుచింపదు.

తక్కిన కారణములను త్వరగా చెప్పి దాటెదను. ముప్పది నలువది లీటర్ల పాలిచ్చు ఆవులో కాలేయమునకు రక్తప్రసారము ఎక్కువై ప్రొజెస్టిరోన్ అను హార్మోను త్వరగా హరించుకుపోవును గనుక, పిండముల నాణ్యము తగ్గును. మాయ పడక కుళ్ళిన గర్భకోశము, ఆరని పొదుగువాపు, కాలిపుండు, ఇవి దేనినైనను భరించుచున్న ఆవు దాతగా పనికిరాదు. పెయ్యదూడలకై లింగ నిర్ధారిత వీర్యము వాడినచో, అధిక అండోత్సర్గము చేసిన ఆవులో ఫలదీకరణ మందగించును. భయపడిన, క్రొత్తచోటికి తోలబడిన, గదమాయింపబడిన పశువు సరిగా స్పందింపదు. ఎనిమిది సూదులకు ఎనిమిదిమార్లు కొమ్ములకు ఉరి బిగించి పడవేయబడిన ఆవునుండి ఫలితము అడుగుట న్యాయము కాదు.

గేదె విషయము మరింత కఠినము. ఆవు పెయ్యకు లక్షకు పైబడి అండములుండగా గేదె పడ్డకు పుట్టుకతో పది ఇరువది వేలకు మించవు. మందునకు లేచు పుటికలు తక్కువ, లేచినవానినుండి విడుదలయైన అండము గర్భనాళమునకు చేరుటయు తక్కువ. కనుక ఒక్కొక్కమారు కడుగగా లభించు మంచి పిండములు ఒకటో రెండో. దానికి తోడు ఎండకాలమున గేదెది మూగ ఎద. అరవదు, తీగ వేయదు, యజమానికి తెలియదు. ఈ కారణముచేతనే గేదెలలో హార్మోనుతో పిండములు పుట్టించు మార్గముకంటె, అల్ట్రాసౌండు సహాయమున అండాశయమునుండి అండములను సూదితో పీల్చి, గాజుపాత్రలో ఫలింపజేయు మార్గమే మేలని నిపుణు లెంచిరి. కర్నాల్‌లోని జాతీయ పాడి పరిశోధన సంస్థలో 1990లో పుట్టిన ప్రథమ్ అను దూడ, గాజుపాత్ర ఫలదీకరణమున పుట్టిన తొలి గేదెదూడ. ప్రపంచమంతట చూచినను, 2016 నాటికి గాజుపాత్ర పిండముల సంఖ్య, ఆవును కడిగి తీసిన పిండముల సంఖ్యను దాటినది. కాని పీల్చిన అండమునకును గతచరిత్ర కలదు. గర్భమున ఫలించినను గాజున ఫలించినను, గాడిలోని లోపము దానిని విడువదు.

ఇందు మన తెలుగువారు గర్వింపవలసినదియు, సిగ్గుపడవలసినదియు ఒక సంగతి కలదు. మన ఒంగోలు జాతి, నెల్లూరు పేరుతో నెలోరీ అని పిలువబడుచు, బ్రెజిలు దేశపు పశుసంపదకు మూలస్తంభమైనది. విదేశీ ఆవుకంటె ఈ జాతి అండాశయములో చిన్నపుటికలు చాల ఎక్కువ. ఒక్కమారు పీల్చినపుడు లభించు అండములు హోల్‌స్టీన్ ఆవుకంటె రెండు మూడింతలు. గాజుపాత్ర పిండముల ఉత్పత్తిలో బ్రెజిలు అగ్రదేశములలో ఒకటగుటకు ఈ ప్రకృతిసిద్ధమైన వరము ముఖ్యకారణము. 2023లో వయాటినా-19 అను నెలోరీ ఆవులో మూడవ వంతు హక్కు వేలమున అమ్ముడుపోగా, ఆ లెక్కను ఆవు వెల 43 లక్షల డాలర్లని లోకము చెప్పుకొన్నది. గాజుపాత్ర ఫలదీకరణమున పుట్టినదని తెలుపు మూడక్షరములు ఆ ఆవు పూర్తిపేరులోనే కలవు. బ్రెజిలు శాస్త్రజ్ఞులు నేర్చుకొన్న పాఠము మనకు అవసరము: ఈ జాతికి ఎఫ్.ఎస్.హెచ్. తక్కువ మోతాదే చాలును, విదేశీ ఆవుల మోతాదు నిచ్చినచో చెడును. ఎద పది పండ్రెండు గంటలే యుండి, తరచుగా రాత్రివేళ వచ్చి పోవును. పరదేశపు పుస్తకములోని పట్టికను మన కొట్టములో అట్లే అమలుపరచుట తగదు. 2023 జూన్‌లో తిరుపతిలో, తిరుమల తిరుపతి దేవస్థానమును శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయమును కలిసి చేసిన కృషివలన, ఒంగోలు ఆవు గర్భమున సాహివాల్ జాతి పెయ్యదూడ పుట్టినది. దానికి పద్మావతి అని పేరిడిరి. నెల్లూరు జిల్లా చింతలదేవిలో జాతీయ కామధేను కేంద్రము కలదు. పనిచేయు చేతులు మనకు లేకపోలేదు.

మరి ధూల్‌పేట్ తబేలాదారునకు వీనితో నేమి పని? చాలా ఉన్నది. నాటుసారా కాచు గుడుంబా బట్టీలను మూయించిన తరువాత అచటి కుటుంబములకు ప్రభుత్వము పునరావాస సహాయము ప్రకటించినది. స్వయం ఉపాధి అనుమాట వచ్చినపుడెల్ల ఒక గేదెనో రెండు గేదెలనో కొనియిచ్చుట అందరికిని తోచు ఉపాయము. కాని ప్రతి ఏడును క్రొత్త గేదెను అప్పుతో కొనవలసిన పాడి ఉపాధి కాదు. మనము కాలు కదల్చకుండగనే దేశమంతటి మేలైన గేదెలు మన నగరమునకు వచ్చుచుండగా, వానిలో ఎన్నదగినవానిని గుర్తించి, వట్టిపోయిన దినమున సంతకు పోనీయక, నగరము వెలుపల నీడయు పచ్చగడ్డియు గల కొట్టమునకు చేర్చి, రెండు మూడు నెలలు మేపి కోలుకొననిచ్చి, అండములు తీసి, మరల చూడి కట్టించి యజమాని కప్పగించు ఏర్పాటు చేసినచో, అతనికి క్రొత్తగేదె ఖర్చు తప్పును, జాతికి వంశము నిలుచును. ఇట్టి కొట్టమునకు శాస్త్రజ్ఞానము కొరవడదు, రాజేంద్రనగరులో పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయము కలదు. గచ్చిబౌలి దాపున జాతీయ పశు బయోటెక్నాలజీ సంస్థ కలదు. 2006లో కృత్రిమ గర్భధారణతో చుక్కల దుప్పిపిల్లను పుట్టించిన సి.సి.ఎం.బి. వారి లాకోన్స్ అత్తాపూరులోనే కలదు. ఇవి అన్నియు ఈ తబేలాలకు అందుబాటు దూరములో నున్నవి.

చూడి నిలిచిన పిమ్మట ఇచ్చు 5,000 రూపాయలను తగ్గింపుమని నేననుట లేదు. దానికి తోడు, దాతగా ఎన్నికైన పశువును సూదికి ముందు మేపుటకు తబేలాదారునకు నెలనెలా ఖర్చు ఇయ్యవలెను. ఇచ్చువాడు వచ్చి చూచి, పశువు చిక్కెనా బలిసెనా అని గుర్తు వేసికొని ఇయ్యవలెను. పుటికల పరీక్ష కాని పశువునకు ఎఫ్.ఎస్.హెచ్. సీసా విప్పరాదను నియమము రావలెను. ఎన్నిక దేనినిబట్టి? పాలలెక్కనుబట్టి. దీపావళి వెళ్ళిన తరువాత సదర్ పండుగనాడు నారాయణగూడ వీథిలో పూలమాలలతో, గజ్జెలతో, ఒడలెల్ల నూనె నిగారింపుతో నడచు దున్నను చూచి మనము మురిసిపోవుదుము. ఆ మురిపెము మంచిదే. కాని ఆ దున్న తల్లి ఈతకెన్ని లీటర్లిచ్చినది అన్నమాట కూడ ఆ వేదికపై వినబడిననాడు ఆ పండుగకు శోభ పెరుగును. పశువు చెవికి పండ్రెండంకెల పసుపుపచ్చ బిళ్ళను ప్రభుత్వమే వేయుచున్నది. ఆ అంకెకు ఎదురుగా నెలకొకమారు రెండు పూటల పాలు కొలిచి వ్రాయు మనిషిని ధూల్‌పేట్ తబేలాలకు పంపుటకు పెద్ద యంత్రము అక్కరలేదు, టెండరు అక్కరలేదు. చల్లని కార్తీకములో దాత పశువులు సూదికి సిద్ధము కావలెనన్న, వాని ఎంపిక, మేపు శ్రావణములోనే మొదలుకావలెను. శ్రావణములో ఎంపిక జరుగవలెనన్న, పాలలెక్క దానికి ముందటి ఈతనుండి వ్రాసియుండవలెను.